చేప మాంసమేనా?

కొన్నేళ్ళ క్రితం విశాఖపట్నంలో నేనొక ఇంటి ముందు వాటాలో అద్దెకుండేవాణ్ణి. ఇంటి యజమాని శాకాహారి. వీధి గుమ్మానికి "శాకాహారులకు మాత్రమే" అన్న బోర్డు వేలాడేది. మేడమీద వాటాలోకి ఒక బెంగాలీ ఉద్యోగి కుటుంబంతో దిగాడు. ఆదివారం వచ్చిందంటే ఆవనూనెలో చేప వేగుతున్న వాసన మెట్లు దిగి నా గదిలోకి వచ్చేది. మరి బోర్డు సంగతేమిటని యజమానిని అడిగాను. "వాళ్ళ బ్రాహ్మలే తింటారట మాస్టారూ. వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు లెండి" అన్నారాయన. ఆయన విశాలదృష్టికి నేను సంతోషించాను కూడాను.

ఆ నెలలోనే నా విద్యార్థి ఒకడు, జాలరి కుర్రవాడు, పెరటివైపు ఖాళీగా ఉన్న గది తనకు ఇప్పించమని నన్ను కోరాడు. "గదిలో వండుకోనండి మాస్టారూ, మెస్సులోనే తింటానండి" అని ముందుగానే చెప్పాడు. యజమాని గది లేదన్నారు. కుర్రవాడు వెళ్ళిన తరువాత నాతో, "చేపలవాళ్ళు గదండీ, ఇల్లంతా నీసు కొడుతుంది" అన్నారు. నేనేమీ అనలేదు. ఆ అద్దెకు అంత మంచి వాటా నాకు మరెక్కడా దొరకదు.

రోజూ చేప వండుకునేవారి వంట మాంసం కాకపోయింది. అసలు వండనన్నవాడి ఒళ్ళే నీసు అయిపోయింది. చేప మాంసమా కాదా అన్న ప్రశ్న నాకు ఆనాడు పట్టుకుంది. పైకి ఇది వంటింటి ప్రశ్న. కాని దీనికి ఏయే మతం ఏ సమాధానం చెప్పిందో చూస్తే, వంటింటికి ఎంతో దూరంలో ఉన్న సంగతులు బయటపడతాయి.

కాథలిక్ క్రైస్తవులకు ఈస్టరు ముందు వచ్చే శుక్రవారాలలో మాంసం నిషిద్ధం, చేప కాదు. మాంసమంటే నేలమీది జంతువులదీ పక్షులదీ అని వారి నిర్వచనం. నిర్వచనమంటూ ఒకటి చేతికి చిక్కితే సాగదీయడం కష్టం కాదు. వెనిజులాలో నీటి ఒడ్డున బతికే కాపిబారా అనే పెద్ద ఎలుకజాతి జంతువును కూడా ఉపవాసకాలంలో చేపలకింద జమకట్టి తింటారు. 1563లో ఇంగ్లండు ప్రొటెస్టెంటు ప్రభుత్వం బుధవారాన్ని కూడా చేపలు తినవలసిన దినంగా శాసించింది. జాలరివృత్తి నిలబడితే నౌకలకు నావికులు దొరుకుతారన్నది ఉద్దేశం. ఆ నియమం ఆత్మరక్షణకోసమని ఎవరైనా బోధిస్తే శిక్షిస్తామని కూడా ఆ చట్టంలోనే రాశారు! ఆర్థికావసరం మతం ముసుగు తీసి ఇంత సూటిగా మాట్లాడిన సందర్భాలు చరిత్రలో తరచుగా కనిపించవు.

ఇస్లాంలో హనఫీ న్యాయవేత్తలది మరొక మార్గం. సముద్రంనుంచి వచ్చే ఆహారాన్ని ఖురాను మాంసమనే పేర్కొంది. అయినా, మాంసం తిననని ఒట్టు పెట్టుకున్నవాడు చేప తింటే ఒట్టు తప్పినట్టు కాదని వీరి తీర్పు. జనవ్యవహారంలో మాంసమన్నప్పుడు చేప స్ఫురించదన్నదే వారు చెప్పిన కారణం. మాటకు అర్థం వాడుకలోంచి వస్తుందని ఒప్పుకున్న ఈ తీర్పులో నాకు నిజాయితీ కనిపిస్తుంది.

మన ధర్మశాస్త్రాల దగ్గరకు వస్తే వ్యవహారం చిక్కుబడుతుంది. మనుస్మృతి అయిదవ అధ్యాయం చేప తినేవాణ్ణి అన్ని మాంసాలూ తిన్నవాడికింద లెక్కగట్టింది. ఆ వెంటనే, దేవకార్యాలలోనూ పితృకార్యాలలోనూ నివేదించిన కొన్ని జాతుల చేపలు తినవచ్చునని మినహాయింపు ఇచ్చింది. చెరువులూ నదులూ నిండిన బెంగాలులో ఈ నిషేధం నిలిచేది కాదు. అందుచేతనే భవదేవభట్టు అనే స్మృతికర్త, నిషేధవాక్యాలు కొన్ని తిథులకే వర్తిస్తాయని వ్యాఖ్యానించి బెంగాలీ బ్రాహ్మణుని చేపకు శాస్త్రసమ్మతి సంపాదించి పెట్టాడు. నది ఏమిస్తే శాస్త్రం దానికి దారి ఇచ్చింది. ఇందులో ఆక్షేపించవలసినది లేదు. మనిషి ఆహారాన్ని ముందు నిర్ణయించేది నేలా నీరూనే.

అయితే ఆ సమ్మతి అందరికీ ఒకేలా అందలేదు. బెంగాలీ ముత్తయిదువకు చేప మంగళకరం; పెళ్ళిలో వియ్యాలవారికి అలంకరించి పంపే కానుక. భర్త పోయిన మరునాటినుంచి అదే చేప ఆమెకు నిషిద్ధం. నిన్నటి శుభద్రవ్యం ఇవాళ కామాన్ని రేపే మాంసమయింది. చేప మారలేదు, నది మారలేదు. మారినది ఆ స్త్రీ స్థితి ఒక్కటే.

చేపను పట్టినవాడి సంగతి ఇంకా గమనించదగింది. పళ్ళెంలో చేప పవిత్రమయింది గాని, వల విసిరిన చెయ్యి పవిత్రం కాలేదు. బెంగాలులో జాలరికులాలు హీనకులాలుగానే మిగిలాయి. మాలో జాలరుల బిడ్డ అద్వైత మల్లబర్మన్ తనవాళ్ళ బతుకును ఒక నదిపేరుతో నవలగా రాశాడు. ఆయన 1951లో చనిపోయాడు. ఆ నవల పుస్తకరూపంలో వచ్చింది 1956లో. భవదేవభట్టు వంటి పండితుడు వీరికోసం పూనుకోలేదు. తినేవాడికి మినహాయింపులు వెతికిన శాస్త్రానికి పట్టేవాడు కనపడలేదు.

ఇంతకూ చేప మాంసమేనా? జీవహింస కూడదనే నియమంతో మాంసం మానినవాడికి చేప నిస్సందేహంగా మాంసమే. 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల తలమీద హాని కలిగించే స్పర్శను పసిగట్టే నాడీగ్రాహకాలున్నాయని చూపింది. ఆ బాధ మన బాధవంటిదేనా అన్న చర్చ ఇంకా సాగుతున్నది. కాని చేపకు నొప్పే తెలియదన్న పాత ధీమాతో గరిటె పట్టుకోవడానికి ఇప్పుడు వీలులేదు. అహింస పేరు చెప్పి చేపను జలపుష్పమని పిలుచుకోవడం ఆత్మవంచన. చేప తినేవాడు దాన్ని చేప అనే తినవచ్చు; అందుకు ఏ పండితుడి అనుమతీ అక్కరలేదు.

యజమాని తన ఇంట్లో తన నియమం పెట్టుకోకూడదా అని మిత్రులు నన్నడిగారు. నిజంగా ఆహారనియమమే అయితే నేను గౌరవిస్తాను. కరుణకొద్దీ శాకాహారులైనవారిని ఎరుగుదును. వారిపట్ల నాకు చిన్నచూపు లేదు. కాని ఆహారనియమం ఆహారాన్ని చూడాలి. పళ్ళెంలో ఉన్నదాన్ని వదిలేసి పళ్ళెం ముందు కూర్చున్నవాడి పుట్టుకను చూసేది ఆహారనియమం కాదు, కులనియమం. దానికి శాకాహారమన్న పేరు పెట్టడం కరుణతో శాకాహారులైనవారికే అవమానం. నీసు అన్న మాట నీచు అన్న మాటకు వాడుకరూపం. వాసనకూ, మనిషిని తక్కువచేయడానికీ మన భాష ఒకే మాట దాచుకుని ఉండడం ఊరికే జరిగిందని నేననుకోను.

ఆ కుర్రవాడు ఊరికి దూరంగా ఒక రేకులషెడ్డులో గది తీసుకుని, రెండు బస్సులు మారి తరగతికి వచ్చేవాడు. యజమాని ఏమన్నారో నన్నెన్నడూ అడగలేదు. అడిగి ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఆ వాటాలో మరి రెండేళ్ళున్నాను. ఆదివారాలు మేడమీదినుంచి చేపల వాసన వస్తూనే ఉండేది. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ నీసు అనలేదు, నాతో సహా.