వేల్పుకి తొలి చుక్క

ఇంట్లో బీరు కాసుకోవడానికి అమెరికాలో 1978 నాటి ఫెడరల్ చట్టం దారి ఇచ్చింది. అక్కడున్న మా తమ్ముడు కొత్త రకం హాప్స్ పూలతో పేల్ ఏల్ అనే బీరు కాస్తూ, "ఇది పాపమా అన్నయ్యా?" అంటాడు. అది చట్టంతో తీరే అనుమానం కాదు; వింటే నాకు మా వైపు ఇప్పసారా గుర్తొస్తుంది.

మా పాల్వంచ చుట్టూ కోయపల్లెల్లో ఎండలు ముదిరే వేళ, తెల్లవారుజామున ఇప్పపూలు రాలతాయి. ఏరి, ఎండబెట్టి, నానబెట్టి, పులిశాక కుండలో మరిగించి ఆవిరి పడతారు. తాగేముందు తొలి చుక్కలు వేల్పుకని నేల మీద వదులుతారు. భద్రాచలం రాముడికి పానకం, ఈ వేల్పుకి సారా. నాకు రెండూ నైవేద్యమే.

అయితే దేవుడి వంతు తీసిన చెయ్యి తన వంతుకు హద్దు గీసుకుంటుందా? పెళ్లాం దాచిన కూలిడబ్బు తాగేవాడూ తొలి చుక్క వదులుతాడు. ఆ చుక్క వేల్పుకి చేరిందంటే నేను నమ్మను.

తమ్ముడితో మాత్రం, "ముందు మీ ఆవిడనడుగు" అన్నాను.