పక్కవాడి మతం గురించి వింటే ఈమాన్ తగ్గుతుందా?

సందేహం: మా అబ్బాయి యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాడు. క్లాసులో అన్ని మతాల పిల్లలనూ కూర్చోబెట్టి ఎవరి నమ్మకం గురించి వాళ్లచేత మాట్లాడిస్తున్నారట. ఇతర మతాల సంగతులు వింటూ కూర్చోవడం మన దీన్‌కు తగునా?
- ఒక తండ్రి, చిల్లకూరు

సమాధానం: తగును. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. దీన్ విషయంలో బలవంతం కూడదని ఖురాన్ 2వ సూరా 256వ ఆయత్, ఇతరులు కొలిచేవాటిని దూషించవద్దని 6వ సూరా 108వ ఆయత్ చెబుతున్నాయి. వాదించవలసి వస్తే మంచి పద్ధతిలో వాదించాలని 16వ సూరాలో ఉంది. పరమతస్థులతో మాట కలిసే రోజు వస్తుందనే కదా ఇన్ని మర్యాదలు!

ఇమామ్ గజాలీ సంగతి చూడాలి. 1111లో కన్నుమూసిన ఈ పండితుడు తత్త్వవేత్తలను ఖండించడానికి పూనుకున్నారు. అయితే ముందుగా వారి సిద్ధాంతాలను వివరిస్తూ వేరే గ్రంథమే రాశారు. అందులో ఆయన ఎంత న్యాయంగా రాశారంటే, లాటిన్‌లో చదివిన మధ్యయుగపు యూరప్ పండితులు ఆయననూ ఆ తత్త్వవేత్తల్లో ఒకరిగా పొరబడ్డారు. ఇలా ఎదుటివారి వాదాన్ని ముందుగా న్యాయంగా చెప్పడాన్నే సంస్కృత శాస్త్రాల్లో పూర్వపక్షం అంటారు.

తరగతిలో జరగవలసింది ఇదే. అవతారమంటే ఏమిటో ముస్లిం విద్యార్థి చెప్పాలి, పక్కనున్న హిందూ విద్యార్థి ‘అవును, మేం నమ్మేది అదే’ అనాలి. తౌహీద్ (దేవుడొక్కడే అన్న విశ్వాసం) గురించి చెప్పడం ఆ హిందూ విద్యార్థి వంతు. సహనం ముస్లిం పిల్లలకే నేర్పాలనుకుంటే ఆ తరగతి మొదటిరోజే చెడుతుంది. ఎక్కడో జరిగిన ఘోరానికి ఒక కుర్రాణ్ని నిలబెట్టి సంజాయిషీ అడగడం అన్యాయం. అలాగే, క్లాసులో కూర్చున్నాడు కదా అని పూజలో పాల్గొనమని ఎవరూ ఒత్తిడి చేయరాదు.

పక్కవారి సంగతి తెలుసుకున్నంత మాత్రాన సొంత నమ్మకం పోదు. అనంతపురం దత్తమండల కళాశాలలో పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను తెలుగు చేశారు, హిందువుగానే ఉన్నారు. పిఠాపురం కవి ఉమర్ అలీషా (1885-1945) తెలుగులో అవధానాలు చేశారు, కావ్యాలూ నాటకాలూ రాశారు.

ఆ తండ్రి ఉండే చిల్లకూరులో మొహర్రం వస్తే అక్కడివారికి గుర్తొచ్చేది నెల్లూరు రొట్టెల పండుగే. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవారు చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు అందుకుంటారు. ఎవరి మతం ఏమిటని అక్కడ ఎవరూ అడగరు. అంతవరకూ బాగుంది. కానీ రొట్టె ఇచ్చినవారి నమ్మకమేమిటో తెలుసుకోవాలంటే అడగాలి, అందుకు చోటు తరగతి గదే.

ఆ తండ్రి కొడుకుచేత క్లాసు మాన్పించకూడదు. ఇంటికి వచ్చాక, పక్కవాడు ఏం చెప్పాడు, నువ్వేం చెప్పావని అడగాలి. జవాబు తెలియనిచోట ఇద్దరూ మసీదుకు వెళ్లి మౌలానాగారిని అడగాలి, మర్నాడు అబ్బాయిని మళ్లీ క్లాసుకు పంపాలి.