పదసంపాదనము — దాని ధర్మము

ధనార్జనమునకు ధర్మము విధించిన మన పెద్దలు, ఆర్జించిన దానిని వినియోగించుటకును ధర్మము విధించిరి. పదములను ఆర్జించుటకు మాత్రము అట్టి నియమము వలదా? నేడు చెన్నపట్టణమున ఆంగ్లపదములను వందలకొలది కంఠస్థము చేయు యువకులు ఎందరో కలరు. పరీక్షలకును, ఉద్యోగములకును అవి కావలసినవే. ఆ శ్రమను ఆక్షేపింపరాదు. కాని నేర్చిన పెద్దమాట ఎవరి కొఱకు అను ప్రశ్న మిగిలియే యున్నది.

ఏనుగుల వీరాస్వామయ్యగారు ఈ పట్టణపు సుప్రీము కోర్టులో దుబాసిగా నుండిరి. దుబాసి నోట ఒక మాట తప్పినచో ఒకని ఆస్తి పోవును, ఒకని పరువు పోవును. అచ్చట పదజ్ఞానము అలంకారము గాదు, పరుల సొమ్మును కాపాడు తాళపుచెవి. అంత ఇంగ్లీషు నేర్చిన ఆయనయే 1830-31లో కాశీయాత్ర చేసి, ఆ విశేషములను నలుగురికి తెలియు తెలుగున వ్రాసిరి. 1838లో ఆ గ్రంథము అచ్చయ్యెను.

బ్రౌను దొర కథ దీనికి ఎదురుదారి. 1817లో చెన్నపట్టణము చేరిన ఆయన పండితుల యొద్ద తెలుగు నేర్చెను. జనుల వాడుకమాటలను సయితము వదలక కూర్చెను. 1852లో ఇచ్చటనే వెలువడిన ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు నేటికిని మనకు ఉపకరించుచున్నది. తాను కూర్చినది తన యొద్దనే దాచుకొనలేదు.

కచేరీలలో పని చేసిన వారికి ఒక సంగతి తెలియును. పింఛను కొఱకు అర్జీ పెట్టుకొన్న వితంతువునకు "నాట్ అడ్మిసిబుల్" అని జాబు పోవును. ఆమె దానిని పట్టుకొని వీధివీధి తిరిగి, చదివి చెప్పువారిని వెదకుకొనవలెను. "ఈ కారణమున మీకు డబ్బు రాదు, ఫలానా కాగితము తెచ్చినచో వచ్చును" అని వ్రాసినచో ఏమి కొఱత? పెద్దమాట చాటున కారణము దాగెను. కారణము తెలియనిదే ఆమె మరల అడుగజాలదు.

పెద్దమాటలే వలదనుట గాదు. వీలునామా వ్రాయక మరణించుటను "ఇన్‌టెస్టేట్" అను ఒక్క మాట చెప్పును. న్యాయవాదికిని, వైద్యునికిని అట్టి నిష్కృష్టపదములు అవసరము. అయితే ఆ మాటను కక్షిదారునకు విప్పి చెప్పగలిగినవాడే దానిని నిజముగా నేర్చినవాడు.

కావున పిల్లలకు నా మనవి యిది. ఇంగ్లీషు పదము నొకదానిని నేర్చినప్పుడు ప్రక్కనే దాని తెలుగును వ్రాయుడు. చదువురాని అవ్వకు తెలియునట్లు ఒకసారి చెప్పి చూడుడు. చెప్పలేనిచో ఆ మాట ఇంకను నాలుక మీదనే యున్నదని, బుద్ధికి చేరలేదని యెఱుగుడు.