బదరీవృక్షము క్రింద రొట్టె, నీళ్లు



ఈ మాసము మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయమును ధ్యానింతము. కర్మెలు కొండమీద ప్రార్థించి దేవుని అగ్నిని చూచిన ఏలీయా, కొలది దినములకే తన పనివానిని బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యమునకు పోయి, బదరీవృక్షము క్రింద చావు కోరుకొనెను. దేవుడు అతనిని వెంటనే ప్రశ్నింపలేదు. నిద్రపోనిచ్చెను. దూత వచ్చి తట్టి లేపి రొట్టెయు నీళ్లును ఇచ్చెను. మరల నిద్ర, మరల భోజనము. ప్రశ్న హోరేబునొద్దనే వచ్చెను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చినప్పుడు మన ప్రాంతములో అనేకులు అట్టి అరణ్యములో పడిరి. తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలు నిలిచెను. బాపట్లలో అంగళ్లు మూతపడెను. గుడి తలుపులు మూయబడెను. అంత్యక్రియలకు ఇరువది మందికి మించి కూడరాదని నిబంధన. కూలి లేని ఇంట అప్పు పెరిగెను, నిద్ర కరవాయెను.

మద్యపు దుకాణములును మూతపడెను. అందుకు అనేకులు దేవుని స్తుతించిరి. అయితే ఏండ్ల తరబడి దినదినము మితిమీరి త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల శరీరము తిరుగబడును. మొదటి దినముననే చేతులు వణకును, చెమట పట్టును. రెండు మూడు దినములలో కొందరికి మూర్ఛ వచ్చును; లేనివి కనబడును, వినబడును. ఇంటివారు దయ్యము పట్టెనని తలంచి పాస్టరుకు కబురంపుదురు. మేము తప్పక వచ్చి ప్రార్థింతుము. కాని ముందు ఆటో పిలిపించుడి. అది ప్రాణాపాయమైన జబ్బు, ఆసుపత్రిలో దానికి మందు గలదు. పౌలు తన ప్రియుడని చెప్పిన లూకా వైద్యుడే గదా!

మే 4న దుకాణములు తెరచిరి. రెండు దినములలో ధర మొత్తము 75 శాతము పెరిగెను. త్రాగువాని ఇంట బియ్యపు సొమ్ము ఆ మేరకు తరిగెను. జూలై నెలాఖరున అప్పటి ప్రకాశం జిల్లా కురిచేడులో, దుకాణములు మూసియుండగా, శానిటైజరు త్రాగి పదిమందికి పైగా మరణించిరి. దానిని రుచికొరకు ఎవరు త్రాగుదురు?

త్రాగుబోతుతనము పాపమని లేఖనము చెప్పును; మేము దానిని తగ్గించి చెప్పము. అయితే పడిపోయినవానికి మొదట కావలసినది రొట్టె, నీళ్లు, తట్టి లేపు చెయ్యి. బుద్ధి చెప్పుటకు హోరేబు తరువాత వచ్చును.

ఆ మహమ్మారి అత్యవసర స్థితి ముగిసెనని 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. అప్పుడు పట్టిన త్రాగుడును, అప్పుడు చొచ్చిన దిగులును కొన్ని ఇండ్ల నింకను విడువలేదు. కావున సంఘ పెద్దలారా, అట్టివాని పేరు కూటములో ఎత్తకుడి; గంజి తీసికొని వాని ఇంటికి పొండి. అమ్మలారా, సిగ్గుచేత దాచకుడి. మానదలచిన అయ్యలారా, వైద్యుని అడిగి మానుడి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము గలదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ వారు 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితముగా తెలుగులో మాటలాడుదురు. చావవలెనని తోచినవారును ఆ నంబరుకు చెప్పుకొనవచ్చును. చెప్పుకొనుట అవిశ్వాసము కాదు. ఏలీయాయు దేవునితో చెప్పుకొనెను.

బదరీవృక్షము క్రింద ఉన్నవాని యొద్దకు దూతను పంపిన దేవుడు, ఈ మాసము మనలో ఒక్కొక్కరిని ఒక్కొక్క గుమ్మమునకు పంపును గాక. ఆమేన్.