మోకాటి నొప్పియు ఓర్పును

పోర్టు లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌లో పదునారు రాతిమెట్లు కలవు. ఓడలు దిగిన కూలీలు ఎందఱో ఆ మెట్లెక్కియే మారిషస్ నేలపై అడుగిడిరి. కోరంగి రేవు నుండి వచ్చిన తెలుగువారును వారిలో నుండిరి. చెఱకుతోటలలో వంగి, బరువులు మోసి ఆ మోకాళ్లు అరిగినవి. నాడు నూనె మర్దనయే మందు. వేఱు దారి లేనపుడు ఓర్చుకొనుట ధర్మము మాత్రమే కాదు, అదియే బ్రతుకు.

నేడు దారి కలదు. 1970వ దశకమున న్యూయార్కులో జాన్ ఇన్‌సాల్, ఆయన సహచరులు తీర్చిదిద్దిన పద్ధతిలో, అరిగిన ఎముకల చివరలను కోసి, లోహపు తొడుగులు అమర్చి, నడుమ గట్టి ప్లాస్టిక్ పలక నుంతురు. 2019లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారము ఇట్టి కీళ్లలో నూటికి ఎనుబదికి పైగా ఇరువదియైదేండ్లు నిలుచును. ఈ దీవిలో ప్రభుత్వ ఆసుపత్రుల వైద్యము ఉచితము.

అయినను గడప దాటలేని అమ్మమ్మ, "నా కర్మము నేననుభవింతును, ఈ వయసున నాకు కోత యేల?" అనును. ఎంత ఓర్పు అని ఇంటివారు మెచ్చుకొందురు. ఆ మెచ్చుకోలునే కొంత పరీక్షింపవలసియున్నది. కంటి శుక్లము తీయించుకొన్ననాడు ఆమెకు కర్మము అడ్డురాలేదు. మోకాటి దగ్గఱ మాత్రమేల వచ్చెను? తఱచుగా ఆ మాట వెనుక కత్తి భయమో, పిల్లలకు బరువగుదునను బెంగయో దాగియుండును. భయపడుట తప్పు కాదు. దానికి కర్మమని పేరు పెట్టి ఊరకుండుటకు ఇంటివారు తోడ్పడుట తప్పు. ఆమె ఓర్పు వారికి సుఖముగా నున్నదేమో!

గీతలో శీతోష్ణములను ఓర్చుకొమ్మని బోధింపబడినవాడు అర్జునుడు. ఆ బోధ అతడు రథముపై చతికిలబడి యుండుటకు కాదు, లేచుటకు. పోరులో కాలు కోల్పోయిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహపు కాలు అమర్చిరని ఋగ్వేదమున కలదు. ఆమె కర్మఫలమునకు వారు అడ్డుపడిరని అందు నింద లేదు.

అట్లని శస్త్రచికిత్స మహిమ కాదు. సూక్ష్మజీవులు చేరవచ్చును, రక్తము గడ్డకట్టవచ్చును. కొందఱికి నొప్పి పూర్తిగా పోదు. వ్యాయామము, బరువు తగ్గుట, మందులు, ఇవి చాలనపుడే కత్తి. పిమ్మట వారముల తరబడి క్రొత్త మోకాలిని వంచి చాచుట మిక్కిలి బాధాకరము. నిజమైన ఓర్పునకు అక్కడ పని కలదు. కనుక బిడ్డలు తొందరపెట్టుటయు తగదు. అన్నియు విని, తెలిసికొని, ఆమె వలదన్నచో అది ఆమె నిర్ణయము, దానిని మొండితనమనరాదు.

ఇంకొక చిక్కు కలదు, అది వైద్యులది కాదు. క్రొత్త మోకాలితో నేలపై కూర్చుండుట, మోకరిల్లుట పలువురికి కష్టము. అందఱును చాపపై నుండగా కుర్చీలో కూర్చుండుటకు సిగ్గుపడి కోవెలకు రాక మానిన పెద్దలుందురు. గోడవారగా ఒక వరుస కుర్చీలు వేయుటకు ఏ శాస్త్రమును అడ్డుచెప్పదు. రామభజనలో దీపము చుట్టు తిరుగుటకైతే కుర్చీతోనే పని లేదు. మొదటి నెలలలో చేతికఱ్ఱ యుండిన చాలును.