పణం

జూదం అనగానే మనకి పాచికలూ పేకముక్కలూ గుర్తొస్తాయి గాని, ఆమాటకొస్తే పొద్దున్న లేచింది మొదలు మనమందరం ఏదో ఒకటి పణంగా పెడుతూనే వుంటాం. పిల్లాణ్ణి స్కూటరు వెనకాల కూచోబెట్టుకుని బజారుకి వెళ్ళడం పణమే. ఆడపిల్లని పైవూళ్ళో హాస్టల్లో చేర్పించడం పణమే. అంచేత ప్రమాదం వుందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. పణంగా పెట్టేది మన సొత్తేనా అన్నది ప్రశ్న.

ఇంత పెద్ద ధర్మసందేహం ఓ డొక్కు కారు పుణ్యమా అని పుట్టుకురావడమే తమాషా.

మా వదినగారబ్బాయి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో వుంటాడు. వుద్యోగం, భార్య, అయిదేళ్ళ కూతురు, అంతా కుదురుగానే వుంది. అలాంటివాడు ఆ మధ్య లక్షా అరవై వేల మైళ్ళు తిరిగిన మజ్దా మియాటా అనే కారొకటి కొన్నాడు. అంటే రెండున్నర లక్షల కిలోమీటర్ల పైమాటే. భూప్రదక్షిణం ఆరుసార్లు చేసినంత. ఇంట్లో మంచి కారుండగా యీ ముసలిదెందుకురా అంటే, పందేల్లో తోలడానికిట! పోనీ గెలిస్తే డబ్బిస్తారా అంటే అదీ లేదు. ఎదురు మనమే రుసుం కట్టాలి. టైర్లు మనవే, పెట్రోలు మనదే.

"ఏమిటమ్మా యీ చోద్యం! కొత్తది కొనుక్కునే స్తోమతు వుండి పాతది కొనడమేమిటి, కొన్నదాన్ని గుద్దుకోడానికి తీసికెళ్ళడమేమిటి?" అంది మా వదిన ఫోన్లో.

పాతది కొనడంలో వాడికో లెక్క వుంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో మొదటిసారి జనానికి చూపించిన బండి అది. ఇద్దరు కూచునే చిన్న కారు, పైకప్పు తీసేయొచ్చు, తేలిగ్గా వుంటుంది. 2016 నాటికి పదిలక్షలు తయారయ్యాయి. అన్ని తయారయ్యాయి గనకనే పాతవీ దొరుకుతాయి, విడిభాగాలూ దొరుకుతాయి. 1944లో పుట్టిన అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్బు పందేల్లో యీ బండ్లకి ప్రత్యేకంగా ఓ తరగతే వుంది. అందరికీ అదే కారు, అవే స్ప్రింగులు, అవే టైర్లు. డబ్బున్నవాడు ఇంజను కొనుక్కుని గెలవడానికి వీల్లేకుండా నిబంధనలు పెట్టుకున్నారు. తేడా అంతా చేతిలోనే వుండాలని ఆశ.

ఆ పందెగాళ్ళలో ఓ మాట వుందిట: అక్కడే వదిలేసి ఇంటికి రాగలిగిన కారునే పందేనికి తీసికెళ్ళు అని. మామూలు కారు బీమా పందెంలో జరిగిన నష్టానికి సాధారణంగా పైసా ఇవ్వదు. బ్యాంకు అప్పు మీద కొన్న కొత్త కారు పందెంలో పెడితే, పెట్టింది తన సొత్తు కాదు, బ్యాంకుదీ, వచ్చే అయిదేళ్ళ ఇంటి ఖర్చుదీ. అదే నగదిచ్చి కొన్న పాతబండి అయితే పోయినా తనదే పోతుంది. వినడానికి లెక్కల మాటలా వున్నా ఇందులో ధర్మం వుంది.

కొనేముందు చూసిన చూపు కూడా చెప్పుకోదగ్గదే. ఒహాయోలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారు అడుగు ఇనుముని తినేస్తుంది. తలుపుల కింది అంచుల్లో తుప్పు పట్టి, పైన రంగు నిగనిగలాడుతూ వుంటుంది. అందుకని వీడు రంగు చూడలేదు, నేల మీద పడుకుని అడుగు చూశాడు. ఇంజనులోని నాలుగు సిలిండర్ల వొత్తిడీ ఇంచుమించు సమానంగా వుందా అని కొలిపించాడు. అరవై వేల మైళ్ళకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్టు మార్చిన రసీదులు అడిగాడు. అమ్మినాయన కూడా పెద్దమనిషే. ఎడంపక్క తుప్పుందనీ, నూనె కారుతుందనీ తనే చూపించాడట. ఎక్కువ తిరగడం బండి తప్పు కాదు. తిరిగిన సంగతి దాచడమే మనిషి తప్పు.

ఇక సిద్ధం చెయ్యడం. సీట్లూ తివాచీలూ పీకేసి, లోపల ఉక్కుగొట్టాలతో పంజరం కట్టించాడు. బ్రేకుల్లోని ద్రవం పాతబడేకొద్దీ తేమ పీల్చుకుని త్వరగా మరుగుతుందిట, అప్పుడు తొక్కినా బండి ఆగదు. అది మార్పించాడు. కొత్త బెల్టులు, శిరస్త్రాణం, మెడకి పట్టీ కొన్నాడు. ఆ మెడపట్టీ కథ నాకు నచ్చింది. 1981లో మిడ్ ఒహాయో ట్రాకులో ఓ డ్రైవరు చనిపోతే, అతని స్నేహితుడు జిమ్ డౌనింగూ, శరీరనిర్మాణం మీద పరిశోధన చేసే రాబర్ట్ హబ్బర్డూ కలిసి దాన్ని తయారుచేశారు. వాళ్ళిద్దరూ బావాబావమరదులు. ఏళ్ళ తరబడి డ్రైవర్లు అది ఇరుకుగా వుందని పక్కన పెట్టారు. 2001 ఫిబ్రవరిలో డేల్ ఎర్న్‌హార్ట్ అంతటి పందెగాడు కపాలం అడుగు చిట్లి పోయాకగాని దాని విలువ అందరికీ తెలిసిరాలేదు.

ఇవన్నీ భార్యకి వివరంగా చెప్పి, ఇంక భయం లేదన్నాడట మావాడు. ఆ అమ్మాయి అంతా విని ఒకే మాటంది: "కారు మీదే, పోతే పోనివ్వండి. మెడ కూడా మీ ఒక్కరిదేనా?"

నాకు చప్పున ద్రౌపది గుర్తొచ్చింది. ధర్మరాజు సొమ్మూ రాజ్యమూ తమ్ముళ్ళూ అయ్యాక తనని తాను ఒడ్డాడు, ఆ తర్వాత ఆవిణ్ణి ఒడ్డాడు. పిలవడానికి వచ్చినవాణ్ణి ఆవిడ ఏడుస్తూ తిప్పి పంపలేదు, ప్రశ్న ఇచ్చి పంపింది. ముందు తనని ఓడాడా, నన్నోడాడా అని. తనదీ కాని తనని ఒడ్డినవాడు ఇంకొకరిని ఎలా ఒడ్డుతాడని. మనిషి తన మెడని పణంగా పెడితే, దానితోబాటు ఓ పసిపిల్ల చదువూ, ఓ తల్లి నిద్రా ఆ పలక మీదికి వచ్చేస్తాయి. వాటిని విడదీసి పెట్టడం ఎవరి తరమూ కాదు.

అలాగని మనని ప్రేమించేవాళ్ళందరి అనుమతీ దొరికితేగాని కదలకూడదంటామా? ఇక్కడ మనం ఆడవాళ్ళం కాస్త ఆగి ఆలోచించాలి. నీ మేలు కోరే చెబుతున్నాం అంటూ సైకిలు తొక్కనివ్వకుండా, పైవూళ్ళో చదవనివ్వకుండా మననెంతమంది ఆపలేదు? ఆ భయమూ ప్రేమే. పెళ్ళయ్యాక అటకెక్కిన వీణలెన్నో! ఏం లాభం అన్న ఒక్క ప్రశ్నతో ఎక్కినవే అవన్నీ. లాభం లేని పనిని ఇష్టంతో చెయ్యడం బతుకులో భాగమే గాని బతుకుమీద తిరుగుబాటు కాదు. అంచేత వాడి సరదాని కొట్టిపారెయ్యడానికి నాకు మనసొప్పదు.

మరి ఏది న్యాయం? నాకు తోచింది చెబుతాను. ప్రేమించేవాళ్ళకి మనని ఆపేసే హక్కు ఎప్పుడూ వుండకపోవచ్చు. కాని నిజం వినే హక్కు ఎప్పుడూ వుంది. అమ్మినాయన తుప్పు చూపించినట్టే, వీడు భార్యకి మిగిలిన ప్రమాదాన్ని చూపించి తీరాలి. పంజరం కట్టాం, పట్టీ కొన్నాం అనడం నిగనిగలాడే రంగు. ఇన్ని చేసినా ఇంత మిగిలే వుంది అని చెప్పడం అడుగు చూపించడం. అక్కడ జీవితబీమా దరఖాస్తులో కారు పందేల్లో పాల్గొంటారా అని అడుగుతారుట. లేదని రాస్తే ప్రీమియం తగ్గుతుంది, పోయాక పెళ్ళాంబిడ్డలకి చిక్కొస్తుంది. మావాడు వుందనే రాశాడు. ప్రీమియం బాగానే పెరిగింది. ఆ కారు అసలు ఖరీదు అదీ కలుపుకుని అని ఆ అమ్మాయి పద్దుపుస్తకంలో రాసుకుంది. సరేనందో, సరిపెట్టుకుందో నేను అడగలేదు. ఏడాదికి ఎన్ని పందేలో మాత్రం ఇద్దరూ కూచుని నిర్ణయించుకున్నారు.

ద్రౌపది ప్రశ్నకి ఆనాటి సభలో పెద్దలెవరూ తిన్నగా జవాబు చెప్పలేదు. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. ఆ ప్రశ్న అంత కష్టమైందని కాదు, ఆట ముగిశాక అడగాల్సివచ్చింది. పాచికలు విసిరేముందు ఎవరైనా ఆవిణ్ణి పిలిచి అడిగి వుంటే, అది ప్రశ్న కూడా కాకపోను.