నేల ఋణం ఎవరిది?



వరినారు నాటే ముందు వేళ్లను అజోస్పైరిల్లం కలిపిన నీళ్లలో కాసేపు ఉంచడం మన రైతులలో చాలామందికి తెలిసిన పనే. ఆ పొట్లంలో ఉన్నది మందు కాదు, ప్రాణమున్న సూక్ష్మజీవులు. అవి వేళ్ల దగ్గర చేరి, గాలిలోని నత్రజనిని కొంత పైరుకు అందిస్తాయి. వేళ్లు గుబురుగా పెరగడానికి తోడ్పడతాయి. ప్రాణమున్నవి గనుకనే పొట్లాన్ని ఎండలో పడేస్తే చచ్చిపోతాయి. పశువుల ఎరువు ఎరుగని నేలలో వాటికి తిండి ఉండదు.

గడ్డిజాతి పైర్లకు వీటివల్ల కలిగే మేలును 1970ల దశకంలో లోకానికి చాటినవారిలో ముఖ్యురాలు యొహానా డోబరైనర్. చెకొస్లొవేకియాలో పుట్టి బ్రెజిల్‌లో స్థిరపడిన ఈ శాస్త్రవేత్త 1978లో వాటికన్‌లోని పొంటిఫికల్ విజ్ఞాన పరిషత్తు సభ్యురాలయ్యారు. నత్రజని ఎరువు మీద ఆధారపడకుండా బ్రెజిల్ సోయా సాగు ఎదగడంలో ఆమె కృషి ఎంతో ఉంది. అయితే సోయాకు జరిగినంత మేలు వరికీ జొన్నకూ జరగదు. యూరియా కొంత తగ్గించవచ్చు, అంతే. అదీ అన్ని చేలలో ఒకేలా ఉండదు. పూర్తిగా మానేయమని చెప్పేవారిని నేను నమ్మను.

ఇక్కడే ధర్మసందేహం. దేవుడు మానవునికి తోటను సేద్యం చేయడమే గాక కాపాడడం కూడా అప్పగించాడని ఆదికాండము రెండవ అధ్యాయం చెబుతుంది. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారి 'లౌదాతో సీ' వెలువడినప్పటి నుండి ఈ మాట ప్రసంగాలలో తరచు వింటున్నాం. కాని పొలంలో దిగి పనిచేసేది చాలాచోట్ల కౌలుదారు. ఈ ఏడు ఎరువు తోలి నేలను బాగుచేస్తే, వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో! దిగుబడి రెండు బస్తాలు తగ్గితే కౌలు తగ్గదు, అప్పూ తగ్గదు. అతడు భయపడి యూరియా మరో బస్తా చల్లితే అది పాపమనగలమా? నేననలేను.

కాపాడే బాధ్యత ముందుగా పట్టా ఉన్నవారిది. భూమి కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్న కుటుంబాలు మన విచారణలలో లేకపోలేదు. వారు ఎరువు ఖర్చులో సగం భరించవచ్చు. యూరియా తగ్గించి చూసిన మడిలో నష్టం వస్తే ఆ మేరకు కౌలు వదులుకోవచ్చు. మూడేళ్లకో ఐదేళ్లకో కౌలు రాసివ్వవచ్చు.

రాసిస్తే భూమి చేజారుతుందేమోనన్న భయం చాలామందిది. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలోనూ ఒప్పందాన్ని 11 నెలలకే పరిమితం చేశారు. కాగితానికి జంకేవారు కనీసం విచారణ గురువుల ఎదుట, సంఘపెద్దల ఎదుట, మూడేళ్లదాకా చేను మరొకరికి మార్చబోమని మాట ఇవ్వవచ్చు.